ఇంటి కర్బనం తగ్గించే సోలార్ ప్యాకేజీ: వస్తువులు మంచివి, వరుస తప్పు

హనుమకొండలో ఇళ్లపై సోలార్ పలకలు అమర్చే దుకాణాలు ఈ మధ్య వీధికొకటి అన్నట్టుగా వెలిశాయి. వాటిలో ఒకటి పలకలతో ఆగకుండా, ఇల్లు మొత్తంగా వదిలే కర్బన ఉద్గారాలను తగ్గించే ఏర్పాటంతా తామే చేసిపెడతామని ఒక ప్యాకేజీ అమ్ముతోంది. స్లాబుపై ఎండను తిప్పికొట్టే తెల్ల పూత, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు, సోలార్ పలకలు, ఇండక్షన్ పొయ్యి, వంటింటి చెత్తను ఎరువుగా మార్చే డ్రమ్ము అందులో ఉంటాయి. దీన్ని తీసుకుని ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక రాస్తున్న సమీక్ష ఇది. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలు మా వీధిలో ఇతరులు చేసిన పనుల్లోనూ కనిపించాయి కాబట్టి, పేరు కంటే ఏ పని ఎలా జరిగిందన్నదే కొనేవారికి ఉపయోగపడుతుంది.

మాది పాతకాలపు స్లాబు ఇల్లు. పైన మరో అంతస్తు లేనందున ఎండ నేరుగా పడకగదుల నెత్తిమీదే కాస్తుంది. అమ్మానాన్నలతో కలిపి ఐదుగురం. నాలుగు ఫ్యాన్లు, ఒక ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బోరు మోటరు ఉన్నాయి. ఎండాకాలంలో నెలకు 350 యూనిట్ల దాకా కాలేది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున, ఆపై 300 వరకు 7.70 చొప్పున, 400 వరకు 9 రూపాయల చొప్పున పడుతుంది. అంటే 350 యూనిట్లకు వాడకం చార్జీయే 2,240 రూపాయలు. స్థిర చార్జీలు, సుంకం దానికి అదనం.

సర్వేకు వచ్చిన యువకుడు పనిమంతుడే. లేజర్ కొలతతో స్లాబు కొలిచాడు, పిట్టగోడ ఎత్తు రాసుకున్నాడు, నీళ్ల ట్యాంకు నీడ మధ్యాహ్నం తర్వాత ఎంతవరకు పడుతుందో సుద్దతో గీసి చూపించాడు. చివరికి మాత్రం ‘‘సార్, ఐదు కిలోవాట్లు పెట్టుకోండ్రి, జాగ మస్తుగుంది కద’’ అన్నాడు. జాగా ఉండటం వేరు, అవసరం ఉండటం వేరు. ఏడాది పొడుగునా ఎన్ని యూనిట్లు కాలాయో అతడు అడగలేదు, పాత బిల్లులు చూడలేదు. ఒక కిలోవాటు పలకలు మన ప్రాంతంలో రోజుకు సగటున నాలుగు యూనిట్లు, నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. ఐదు కిలోవాట్లంటే నెలకు 600. మా ఇల్లు మండు వేసవిలో కూడా అంత వాడదు. మిగులును విద్యుత్ సంస్థ లెక్కగట్టి కొంటుంది, కానీ ఆ ధర మనం పై టారిఫ్ స్లాబులో చెల్లించే ధర కంటే చాలా తక్కువ. పైగా ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద వచ్చే సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 కలిపి 78,000 రూపాయల దగ్గర ఆగిపోతుంది. నాలుగో కిలోవాటు నుంచి ప్రతి రూపాయీ మన జేబులోదే. ఈ విషయం అతడు చెప్పలేదు, మేమే పథకం వివరాలు చదివి తెలుసుకుని మూడు కిలోవాట్లకు ఒప్పించాం.

ఈ ప్యాకేజీపై నా ప్రధాన అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఇంటి కర్బనం తగ్గించడమంటే ముందు వాడకం తగ్గించి, తగ్గిన వాడకానికి సరిపడా పలకలు పెట్టడం. సంస్థ మాత్రం పలకల సంఖ్య ముందే ఖాయం చేసి, ఫ్యాన్లనూ పూతనూ వాటి వెనక కొసరుగా చేర్చింది. లెక్క వేసి చూస్తే ఆ కొసరే అసలు సరుకు.

ఫ్యాన్లనే తీసుకుందాం. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను పూర్తి వేగంలోనూ 28 నుంచి 35 వాట్లతో సరిపెట్టుకుంటుంది. ఒక్కో ఫ్యానుకు 45 వాట్లు ఆదా అనుకుని, నాలుగు ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరుగుతాయనుకుంటే నెలకు 80 యూనిట్లు మిగులుతాయి. తగ్గేవి పై టారిఫ్ స్లాబులోని ఖరీదైన యూనిట్లే కాబట్టి 350 నుంచి 270కి దిగిన ఇంటి చార్జీ 2,240 నుంచి 1,559 రూపాయలకు వస్తుంది. అదే 80 యూనిట్లను పలకలతో పుట్టించాలంటే ఒక కిలోవాటులో మూడింట రెండు వంతుల పలకలు కావాలి. సబ్సిడీ తీసేసి చూసినా నాలుగు ఫ్యాన్ల ఖర్చు దానికంటే తక్కువే. ఇచ్చిన ఫ్యాన్లు నాణ్యమైనవే, చప్పుడు లేదు, కరెంటు అటూ ఇటూ అయినా వేగం మారదు. బిగించిన మనిషి పాత రెగ్యులేటర్లను తీసేసి నేరుగా స్విచ్చుకు కలిపాడు. ఇది సరైన పద్ధతి. రెగ్యులేటర్‌ను అలాగే ఉంచితే ఈ ఫ్యాన్లు సరిగా పనిచేయవు. ఇబ్బంది ఒక్కటే: వేగం మార్చాలంటే రిమోటు కావాలి, ఆ రిమోటు ఎప్పుడూ అమ్మ దిండు కిందే ఉంటుంది.

స్లాబు పూత విషయానికి వస్తే, ప్యాకేజీ మొత్తంలో ఇంట్లోవాళ్లందరూ మెచ్చుకున్నది దీన్నే. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023-28 కాలానికి కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపై స్థలాల్లోని ఇళ్లకూ అది తప్పనిసరి; మాలాంటి చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. నల్లబడిన సిమెంటు స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రి పది దాటేదాకా గదిలోకి కక్కుతూనే ఉంటుంది. మన దగ్గర మే నెలలో పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలు తాకే రోజుల్లో ఫ్యాను తిప్పినా వేడిగాలే దిగేది ఇందుకే. తెల్ల పూత ఆ ఎండలో ఎక్కువ భాగాన్ని లోపలికి రానీయకుండా వెనక్కి పంపుతుంది. గది వేడి 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గవచ్చని చెబుతారు. మా ఇంట్లో ఉష్ణమాపకం పెట్టి కొలవలేదు గానీ, ఏసీ 26 డిగ్రీలకు పెట్టినా సరిపోతోందనీ, అర్ధరాత్రి దాటాక ఆపేసినా నిద్ర చెడటం లేదనీ మాత్రం చెప్పగలను. వీరు పని చేసిన తీరు కూడా బాగుంది. ముందు స్లాబును బ్రష్షుతో రుద్ది కడిగి, వెంట్రుకవాసి పగుళ్లను సైతం పూడ్చి, ప్రైమరు వేసి, ఒక పూత ఆరాకే రెండో పూత వేశారు. ఎండ మంచిగా ఉన్న మార్చిలో చేయడం కలిసివచ్చింది. డబ్బు తక్కువున్నవారు ఇదే పనిని గోడల సున్నంతోనూ చేసుకోవచ్చు; ఒక వానాకాలానికి కరిగిపోతుంది, ఏటా వేసుకోవాలి, అంతే తేడా. ఏ పూతైనా దుమ్ము పడితే తెల్లదనం పోయి గుణం తగ్గుతుంది కాబట్టి ఎండాకాలానికి ముందు ఒకసారి కడగక తప్పదు.

ఇంత చక్కగా చేసిన పనిని అదే సంస్థ నెల తిరక్కుండా చెడగొట్టింది. ఏప్రిల్‌లో పలకల స్టాండు బిగించడానికి వచ్చిన మరో జట్టు, పూత వేసిన స్లాబులోకే డ్రిల్లుతో రంధ్రాలు పెట్టి యాంకర్ బోల్టులు దించింది. దించిన చోట సీలెంటు పూశారు గానీ, పూత పెచ్చులూడిన చుట్టుపక్కల భాగాన్ని అలాగే వదిలేశారు. జూన్‌లో మొదటి పెద్ద వాన పడగానే వంటింటి మూలలో అరచేయంత చెమ్మ మచ్చ కనిపించింది, వారంలో అది పళ్లెమంత అయింది. స్లాబుకు రంధ్రం పెట్టకుండా, కాంక్రీటు దిమ్మెలు పోసి వాటిలో స్టాండు కాళ్లు నిలబెట్టే పద్ధతి ఉంది. దానికి రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది, బరువూ గాలి తాకిడీ లెక్క చూసుకోవాలి. రంధ్రాలే పెట్టదలిస్తే స్టాండు ముందు బిగించి, పూత తర్వాత వేయాలి. పూత జట్టుకు సోలార్ జట్టు ఎప్పుడు వస్తుందో తెలియదు, సోలార్ జట్టుకు పూత వేసిన సంగతే తెలియదు. అన్నీ ఒకే చోట కొనడంలో ఉన్న లాభమే ఇలాంటివి జరగకుండా ఉండటం. డబ్బు ఒక చోటే కట్టించుకుని పని మాత్రం ఎవరికివారు చేస్తే దాన్ని ప్యాకేజీ అనడం ఎందుకు?

పలకలు, వాటి అనుబంధ సామగ్రి మాత్రం వంక పెట్టలేనివి. సబ్సిడీకి దేశీయంగా తయారైన సెల్స్‌తో చేసిన పలకలే వాడాలనే నియమం ఉంది, వీరు ఆ పత్రాలు ముందుగానే చూపించారు. పలకలు దక్షిణానికి తిరిగి, మన అక్షాంశానికి తగిన వాలులో ఉన్నాయి. స్టాండు మనిషి తల తగలనంత ఎత్తులో ఉంది, కింద మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకోవడానికి చుట్టూ జాగా మిగిలింది. పలకల నీడ పడిన భాగంలో స్లాబు ఇంకా చల్లగా ఉంటోంది. ఇంట్లోకి వచ్చే ఏసీ కరెంటుకు, పలకల నుంచి వచ్చే డీసీ కరెంటుకు, పిడుగు నిరోధకానికి విడివిడిగా మూడు ఎర్తింగ్ గుంతలు తీశారు. అన్నిటికంటే నాకు నచ్చింది వైర్ల పని. మా వైపు కోతుల బెడద అందరికీ తెలిసిందే, డిష్ యాంటెన్నాలు విరిగిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. వైరింగ్ చేసిన పెద్దాయన ‘‘కోతులు వైర్లు గుంజి తెంపుతయి సార్, జానెడు గూడ బయిటికి కనవడద్దు’’ అంటూ, పలకల కింద వేలాడే వైర్లను సైతం ఫ్రేముకు క్లిప్పులతో బిగించి, మిగతాదంతా పైపుల్లోంచి తీసుకొచ్చాడు. ఆయన చెప్పిన మాట సంస్థ కరపత్రంలో ఎక్కడా లేదు.

కాగితాల పని గురించి ఒక హెచ్చరిక. మీటరు ఎవరి పేరున ఉంటే దరఖాస్తు కూడా వారి పేరునే ఉండాలి. తాతల పేరు మీద మీటరు ఉన్న ఇళ్లు వరంగల్, హనుమకొండల్లో కొల్లలు. అలాంటివారు ముందు పేరు మార్పించుకోవాలి. ఆ తర్వాత జాతీయ పోర్టల్‌లో నమోదు, విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి, బిగింపు, తనిఖీ, రెండు వైపులా లెక్కించే నెట్ మీటరు, చివరగా బ్యాంకు ఖాతాలో సబ్సిడీ. మా విషయంలో ఈ దశలన్నీ సంస్థే నడిపించింది, ఫోను చేసిన ప్రతిసారీ ఏ దశలో ఉందో సరిగ్గా చెప్పింది. ఈ ఒక్క సేవకు పూర్తి మార్కులు.

అయితే రెండు సంగతులు వారు ముందే చెప్పవలసింది. మొదటిది, గ్రిడ్డుతో, అంటే ఊరి కరెంటు లైనుతో, కలిసి పనిచేసే ఈ పద్ధతిలో కరెంటు పోతే పలకలు కూడా ఆగిపోతాయి. లైనుపై పనిచేసే సిబ్బందికి ప్రమాదం లేకుండా ఉండేందుకు, పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్‌ను అలాగే తయారుచేస్తారు. నెత్తిన ఎండ మండుతున్నా ఫ్యాను తిరగకపోవడం చూసి నాన్న మొదట మోసపోయామనే అనుకున్నారు. రెండోది, ఉత్పత్తి ఎండ వేడితో పాటే పెరగదు. పలక వేడెక్కిన కొద్దీ ఉత్పత్తి పడిపోతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం వరకు తగ్గుతుంది. మే మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే పదో వంతుకు పైగా పోయినట్టే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకాశం తేటగా ఉండి పలకలు బాగా ఇస్తాయి, జులై, ఆగస్టుల్లో మబ్బుల వల్ల బాగా తగ్గుతాయి. ఇక కడగడం విషయంలో, బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి ఉప్పు చారలు పలకపై గట్టిపడతాయి, ఇక వదలవు. మిషన్ భగీరథ నీళ్లతో, పొద్దెక్కకముందే, మెత్తని గుడ్డకర్రతో తుడవడం మంచిది.

ఇప్పుడు అసలు ప్రశ్న, కర్బనం ఎంత తగ్గింది? ఇన్వర్టర్‌తో పాటు ఇచ్చిన ఫోన్ యాప్ ‘ఇన్ని చెట్లు నాటినట్టు’ అని రోజూ ఒక అంకె చూపిస్తుంది. ఆ చెట్లను పక్కనపెట్టి మామూలు లెక్క వేసుకోవచ్చు. మన దేశ గ్రిడ్డు నుంచి ఒక యూనిట్ కరెంటు వాడితే సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మూడు కిలోవాట్ల పలకలు ఏడాదికి సుమారు 4,000 యూనిట్లు ఇస్తే 2,800 కిలోలు తగ్గినట్టు. పోల్చి చూడటానికి, 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ మొత్తం కాలితే వెలువడేది సుమారు 42 కిలోలు, లీటరు పెట్రోలుకు సుమారు 2.3 కిలోలు. అంటే మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద వాటా కరెంటుదే, దాని మీద దృష్టి పెట్టిన ప్యాకేజీ దిశ సరైనదే.

కానీ బిల్లు సున్నా అయినంత మాత్రాన బొగ్గు సున్నా కాదు. పగలు మనం గ్రిడ్డుకు ఇచ్చింది వేరెవరో వాడుకుంటారు, అంతవరకు మేలే. రాత్రి మన ఏసీ నడిచేది మాత్రం చాలావరకు చెల్పూరు, రామగుండంలాంటి థర్మల్ కేంద్రాల బొగ్గు కరెంటుతోనే. నెట్ మీటరు ఈ రెండింటినీ యూనిట్లలో సమానం చేస్తుంది, పొయ్యిలో పడ్డ బొగ్గును వెనక్కి తీయదు. బిల్లు తగ్గిన మొదటి నెలలో అమ్మ ‘‘బిల్లు ఎట్లయినా వస్తలేదు కద బిడ్డా, ఏసీ నడువనియ్యి’’ అన్నది. ఆ మాటలో తప్పేమీ లేదు, సంస్థ అమ్మింది కూడా ఆ మాటనే. ఇల్లు నిజంగా మారాలంటే పగటి కరెంటును పగలే వాడుకోవాలి. మోటరు పదకొండింటికి వేసి ట్యాంకు నింపడం, బట్టలు ఉతకడం, ఇస్త్రీ, పిండి రుబ్బడం మధ్యాహ్నంలోపు ముగించడం, సాయంత్రానికి గది చల్లబడేలా నాలుగింటికే ఏసీ కాసేపు వేసి రాత్రి తగ్గించడం వంటివి. ప్యాకేజీతో వచ్చిన పుస్తకంలో పలకలు కడిగే విధానానికి రెండు పేజీలున్నాయి, ఈ విషయానికి ఒక్క వాక్యం లేదు.

ఇండక్షన్ పొయ్యి సంగతి కూడా ఇలాంటిదే. ఒక సిలిండర్ చేసే వంటకు ఇండక్షన్ మీద సుమారు 120 యూనిట్లు కావాలి. అది రాత్రి గ్రిడ్డు కరెంటైతే 84 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే గ్యాస్‌కు రెట్టింపు. అదే పగటిపూట పలకల కరెంటైతే దాదాపు ఏమీ లేదు. కాబట్టి మధ్యాహ్నం అన్నం, పప్పు ఇండక్షన్ మీద, రాత్రి రొట్టెలు గ్యాస్ మీద అని మేము పంచుకున్నాం. జొన్న రొట్టెకు ఎలాగూ మంట కావాలి. పొయ్యి మన్నికైనదే, పాత అల్యూమినియం గిన్నెలు దానిపై పనిచేయవన్నది కొనేముందు తెలుసుకోవాల్సిన విషయం.

ఎరువు డ్రమ్ము గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చెత్త మడికొండ వైపు డంపింగ్ యార్డుకు చేరి గాలి ఆడని కుప్పలో కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది, ఇంట్లోనే ఎరువు చేస్తే అది తప్పుతుంది. డ్రమ్ముకు గాలి రంధ్రాలు చాలవు. వానాకాలంలో లోపల నీరు నిలిచి పురుగులు పట్టాయి. ఎండుటాకులు పొరలు పొరలుగా వేశాక సర్దుకుంది. మూత ఉన్న మట్టికుండలు రెండు ఇంతకంటే మేలు, చవక కూడా.

ఎవరు కొనాలి అంటే, నెలకు 200 యూనిట్లు దాటే సొంత ఇల్లు, నీడ లేని స్లాబు, తమ పేరున మీటరు ఉన్నవారికి పలకలు లాభమే. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితంగా పొందుతున్న కుటుంబాలకు పలకలపై పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం. వారు స్లాబుకు సున్నం, వీలునుబట్టి ఒకటి రెండు ఫ్యాన్లు మార్చుకుంటే చాలు. ఇలాంటి ప్యాకేజీ తీసుకునేవారు ఫ్యాన్లు ముందు మార్చి, రెండు బిల్లులు చూశాకే కిలోవాట్లు నిర్ణయించాలని, స్టాండు బిగించాకే పూత వేయాలని, స్లాబుకు రంధ్రాలు పెడితే కారడం బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలని అడగండి. పథకం కింద బిగించినవారు ఐదేళ్లపాటు నిర్వహణ చూడాలి, మా సంస్థ దాన్ని పలకలకే పరిమితమని వాదించింది. చాలాసార్లు ఫోన్లు చేశాక, వానలు వెనుకబట్టిన తర్వాత వచ్చి బోల్టుల చుట్టూ పూత గీకి మళ్లీ వేసింది. వంటింటి మచ్చకు రంగు మాత్రం మేమే వేసుకున్నాం.